లోపం పేరులో ఉందా, ప్రవర్తనలో ఉందా?

 

మానుకోట జిల్లా కురవిలో ఒకరోజు మగ్రిబ్ నమాజు తర్వాత జరిగిన ఒక సంభాషణతో ఈ నాలుగు మాటలు మొదలుపెడుతున్నాము. నమాజు అయి జనం వెళ్ళిపోతుండగా ఒక యువకుడు మా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. మిర్చి, పత్తి సాగుచేసే ఇంటి బిడ్డ. ముఖంలో కోపం, దాని వెనుక ఏదో సిగ్గు కనిపించాయి.

"మౌల్సాబ్, ఒక మస్అలా అడగాలి. ఆడవాళ్ళు మగవాళ్ళకు ఒక చెడ్డపేరు పెట్టి పదిమందిలో పిలిస్తే గునా కాదా? ఖుర్ఆన్‌లో పేర్లు పెట్టవద్దని ఉంది కదా!"

ఏ పేరు పెట్టారని అడిగాము. కాస్త తడబడుతూ చెప్పాడు: "మ్యాన్‌స్ప్లెయినింగ్. మా చెల్లె చుట్టాల ముందు నన్ను ఆ మాట అన్నది. మగాళ్ళంతా ఇంతే అన్నది."

ఎందుకు అన్నదని అడిగాము. అతను కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కో ముక్కే బయటపడింది. వాళ్ళ నాన్న షుగరు రోగి. కొన్నేళ్ళుగా ఇన్సులిన్ సూదిమీద ఉన్నారు. ఈ యువకుడు ఫోనులో ఒక వీడియో చూశాడు. ఫలానా ఆకు రసం తాగితే సూది అక్కర్లేదని అందులో ఉంది. సూది మానిపించి రసం మొదలుపెట్టాడు. చెల్లెలు నర్సింగ్ చదివి, ఆసుపత్రిలో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి. సెలవుమీద ఇంటికి వచ్చి ఉంది. "భాయ్, సూది ఆపొద్దు, ప్రమాదం" అంది. అతను ఆమెను కూర్చోబెట్టి, ఒంట్లో చక్కెర ఎలా తయారవుతుందో, ఇన్సులిన్ ఏం చేస్తుందో అరగంట వివరించాడు. అదే పాఠం చదివి, పరీక్ష రాసి, రోజూ రోగులకు సూది వేసే మనిషికి! ఆమె మళ్ళీ అడ్డు చెబితే, "ఆడపిల్లవు, నీకేం తెలుసు? ఊకో" అన్నాడు. మూడో రోజుకు తండ్రికి వాంతులు, ఆయాసం, మగత. చెల్లెలే ఆటో పిలిచి ఆసుపత్రికి చేర్చింది. అల్లాహ్ దయవల్ల ఆయన బతికి బయటపడ్డారు.

మరునాడు ఆయనను పరామర్శించడానికి వాళ్ళింటికి వెళ్ళాము. తలుపు పరదా వెనుకనుంచి ఆ అమ్మాయి ఒకే ఒక మాట అడిగింది: "మౌల్సాబ్, చిన్నప్పటినుంచి ఈ ఇంట్లో నన్ను నాఖిసుల్ అఖ్ల్ అంటూనే ఉన్నారు. అప్పుడు ఎవరూ మస్అలా అడగలేదు. నేను ఒక్క మాట అన్నందుకు అడుగుతున్నారా?"

ఆ ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వదలలేదు. అన్న ప్రశ్న, చెల్లెలి ప్రశ్న చూడటానికి రెండు. నిజానికి ఒకటే. ఒక చెడ్డ ప్రవర్తనకు ఆడ, మగ పేరు తగిలించడం న్యాయమా, అన్యాయమా?

ఆ మాట ఎక్కడిది?

ఇంగ్లీషులో మగవాడు, వివరించడం అనే రెండు పదాలను కలిపి చేసిన మాట ఇది. ఎదుటి స్త్రీకి తెలిసిన సంగతినే, ఆమెకు తెలియదని ముందే అనుకుని, పురుషుడు పై నుంచి పాఠం చెప్పడాన్ని అలా అంటున్నారు. దీని వెనుక 2008లో అమెరికా రచయిత్రి రెబెక్కా సోల్నిట్ రాసిన ఒక వ్యాసం ఉంది. ఒక విందులో ఒక పెద్దమనిషి ఆమెకు ఛాయాచిత్రకారుడు మైబ్రిడ్జ్ గురించి వచ్చిన ఒక గొప్ప పుస్తకం సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ పుస్తకం 2003లో ఆమే రాసింది. పక్కనున్న స్నేహితురాలు "అది ఈమె పుస్తకమే" అని మూడు నాలుగుసార్లు చెబితే గాని ఆయన చెవికెక్కలేదు. మ్యాన్‌స్ప్లెయినింగ్ అన్న మాటను సోల్నిట్ పుట్టించలేదు. ఆ వ్యాసం వచ్చాక కొద్దికాలానికే ఇతరులు వాడుకలోకి తెచ్చారు. 2018 నాటికి ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువులో కూడా చేరింది.

కురవి యువకుడు వేసిన ప్రశ్న కూడా కొత్తది కాదు. 2016 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా సెనేట్ కమిటీ విచారణలో కేటీ గల్లఘర్ అనే సభ్యురాలు మంత్రి మిచ్ ఫిఫీల్డ్‌ను ఉద్దేశించి ఈ మాట అన్నారు. ఆయన నొచ్చుకున్నారు. ఇది పురుషులను కించపరిచే మాట కాదా, ఇదే మాటను నేను ఆడవారి పేరు చేర్చి అంటే ఊరుకుంటారా అని నిలదీశారు. ఆ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. జవాబు చెప్పాలి.

మన ఇళ్ళలో లేవా?

ముందు మన నాలుకలను చూసుకుందాం. గట్టిగా మాట్లాడే స్త్రీని గయ్యాళి అంటాము. గట్టిగా మాట్లాడే పురుషుణ్ణి ఏమంటాము? ఖచ్చితంగా మాట్లాడే మనిషి అంటాము. పని సొంతంగా చక్కబెట్టుకునే అమ్మాయి మగరాయుడు. మెత్తగా ఉండే అబ్బాయి ఆడంగి. భార్య సలహా విన్నవాడు జోరూ కా గులామ్. పిరికివాణ్ణి గాజులు తొడుక్కొమ్మంటాము, గాజులు తొడుక్కున్నవారే ప్రాణాలకు తెగించి మనల్ని కన్నారని మరచిపోయి!

మన తెలుగు వ్యాకరణాన్నే చూడండి. పురుషులను తెలిపే మాటలను మహద్వాచకాలు అన్నారు. మహత్ అంటే గొప్పది. "తండ్రి వచ్చాడు" అంటాము. "తల్లి వచ్చింది" అంటాము. "ఆవు వచ్చింది" అన్నా అదే క్రియ. ఏకవచనంలో స్త్రీ పశుపక్ష్యాదుల వరుసలోనే నిలబడుతుంది. బహువచనంలో "వచ్చారు" అన్నప్పుడే పురుషులతో కలుస్తుంది. ఒకప్పుడు ఈ ఓరుగల్లు సీమను ఏలిన రుద్రమదేవిని కూడా శాసనాలు రుద్రదేవ మహారాజు అని పురుషుని పేరుతో పేర్కొన్నాయి. వ్యాకరణానికి గునా రాయబడదు. అయితే భాషలో తరతరాలుగా పేరుకున్న అలవాటు మన మనసులోకి తెలియకుండానే దిగుతుందన్నది గమనార్హం.

మన ఊళ్ళలో వినబడే మరో మాట సర్పంచ్ పతి. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణతో పంచాయతీల్లో స్త్రీలకు మూడోవంతు స్థానాలు దక్కాయి. తర్వాత మన రాష్ట్రంలో అది సగమయింది. ఎన్నికైనది భార్య, కుర్చీలో కూర్చుని జవాబులు చెప్పేది భర్త. ఈ పద్ధతిని ఎలా ఆపాలో చూడమని 2023లో కేంద్ర పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ ఒక కమిటీనే వేసింది. సర్పంచ్ పతి అన్న మాటలో భర్త అనే అర్థం ఉంది కాబట్టి అది భర్తలందరికీ అవమానమా? కాదు. ఎన్నికైన భర్త కుర్చీని భార్య ఆక్రమించడం మనం చూడము. జరిగేది ఒకవైపునుంచే కాబట్టి పేరు కూడా అటువైపునుంచే వచ్చింది.

జబ్బు పేరు కిబ్ర్

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఎదుటివారికి తెలియదని ముందే తీర్మానించుకుని మాట్లాడటం అనే జబ్బుకు ఇస్లాం పద్నాలుగు వందల ఏళ్ళ క్రితమే పేరు పెట్టింది. అది కిబ్ర్, అహంకారం. హృదయంలో రవ్వంత కిబ్ర్ ఉన్నవాడు స్వర్గంలో ప్రవేశించడని దైవప్రవక్త (స) హెచ్చరించినప్పుడు, మంచి బట్టలు, మంచి చెప్పులు ఇష్టపడటం కూడా కిబ్రేనా అని ఒక వ్యక్తి అడిగారు. కాదని చెప్పి, ఆయన (స) కిబ్ర్ అంటే రెండు విషయాలని వివరించారు. ఒకటి, సత్యాన్ని తిరస్కరించడం. రెండు, మనుషులను తక్కువగా చూడటం. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది.

ఈ నిర్వచనాన్ని కురవి ఇంట్లో పెట్టి చూడండి. "ఆడపిల్లవు, నీకేం తెలుసు" అన్నది మనిషిని తక్కువగా చూడటం. సూది ఆపవద్దన్న మాటను తోసేయడం సత్యాన్ని తిరస్కరించడం. రెండూ ఒక్క వాక్యంలోనే జరిగిపోయాయి. దాని వెల కన్నతండ్రి ప్రాణం దాకా పోయింది. కాబట్టి దీన్ని మాటకారితనంగానో, అన్నగారి పెద్దరికంగానో తేలికగా తీసుకోవడానికి వీల్లేదు.

ఈ నిర్వచనంలో ఆడ, మగ ప్రస్తావన లేదన్నది కూడా గమనించండి. కోడలు పల్లెనుంచి వచ్చిందని, అన్నం వార్చడం దగ్గరనుంచి అన్నీ మొదటినుంచి నేర్పే అత్తగారిలోనూ ఇదే జబ్బు. నాలుగు అక్షరాలు చదివి, చదువురాని తల్లిని పదిమందిలో నోరు మూయించే కూతురిలోనూ ఇదే జబ్బు.

పేరు పెట్టడం ఎప్పుడు న్యాయం?

జబ్బు అందరిదీ అయినప్పుడు మగవారి పేరు ఎందుకు తగిలించడం అని మీరడగవచ్చు. దీనికి దివ్యఖుర్ఆన్‌లోనే ఒక ఉదాహరణ ఉంది.

అరబ్బుల్లో జిహార్ అనే దురాచారం ఉండేది. భర్త కోపంలో భార్యను తన తల్లి వీపుతో పోల్చి ఒక మాట అనేవాడు. అంతే, ఆమె అటు భార్యా కాదు, ఇటు విడుదలా లేదు. హజ్రత్ ఖౌలా బిన్త్ సఅలబా (రజి)ను ఆమె భర్త ఇలాగే అన్నారు. ఆమె దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి వాదించారు, అల్లాహ్‌కు మొరపెట్టుకున్నారు. ఆమె మొరను తాను విన్నానని ప్రకటిస్తూ అల్లాహ్ ఆయతులు అవతరింపజేశాడు. ఆ సూరా పేరే అల్ ముజాదలహ్. ఆ వెంటనే రెండో ఆయతులో, మీలో తమ భార్యలతో జిహార్ చేసేవారు అంటూ పురుషులనే ప్రస్తావించి, వారు పలికేది చెడ్డమాట, అబద్ధం అని తీర్పు ఇవ్వబడింది (58:1-2). ఆ తప్పు పురుషులదే కనుక పురుషులదనే చెప్పబడింది. ఇది పురుషజాతి మీద ద్వేషమని ఏ విశ్వాసీ అనలేదు, అనలేడు.

అలాగే, చెడుమాట బాహాటంగా పలకడం అల్లాహ్‌కు ఇష్టం లేదని చెబుతూ, అన్యాయానికి గురైనవారికి మినహాయింపు ఇవ్వబడింది (4:148). అన్యాయానికి గురైన మనిషి నొప్పితో పలికిన మాటను, హాయిగా కూర్చుని ఎగతాళికి పలికిన మాటను ఇస్లాం ఒకే తక్కెడలో తూచదు.

హజ్రత్ ఉమర్ (రజి) తన గురించి తానే చెప్పుకున్న సంగతి బుఖారీలో ఉంది. అజ్ఞానకాలంలో మేము స్త్రీలను లెక్కలోకే తీసుకునేవాళ్ళం కాదు, అల్లాహ్ వారి గురించి అవతరింపజేసే వరకు అన్నారాయన. ఒకసారి ఆయన ఏదో విషయం ఆలోచిస్తుంటే, ఆయన భార్య ఇలా చేస్తే బాగుంటుందని సలహా ఇచ్చారు. నీకెందుకు ఈ సంగతి అని ఆయన కసిరారు. దానికి ఆమె, మీకు ఎదురుమాట నచ్చదు గాని, మీ కుమార్తె హఫ్సా (రజి) దైవప్రవక్త (స)కే ఎదురు చెబుతుందే అన్నారు. ఇక్కడ పురుషుల అలవాటును పురుషుల అలవాటుగా పేర్కొన్నది ఎవరు? స్వయంగా ఒక పురుషుడు, అదీ ఉమర్ (రజి) వంటి పురుషుడు! ఆయనకు అందులో అవమానం కనబడలేదు. దిద్దుకోవలసిన తప్పు కనబడింది.

పేరు పెట్టడం ఎప్పుడు అన్యాయం?

అయితే ఇది నాణేనికి ఒకవైపే. హుజురాత్ సూరా 11వ ఆయతులో పురుషులు పురుషులను, స్త్రీలు స్త్రీలను ఎగతాళి చేయరాదని విడివిడిగా చెప్పబడింది. ఎగతాళి చేయబడేవారే చేసేవారికంటే మేలైనవారు కావచ్చునని కారణం చూపబడింది. ఒకరినొకరు చెడ్డపేర్లతో పిలుచుకోవడం నిషేధించబడింది. కురవి యువకుడు గుర్తుచేసుకున్న ఆయతు ఇదే. ఆయతు సరైనదే. దాన్ని ముందుగా ఎవరికి వర్తింపజేసుకోవాలన్న దగ్గరే అతను పొరపడ్డాడు.

మంచి పేరు కూడా ఎలా చెడిపోతుందో చెప్పే సంఘటన బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఒక ప్రయాణంలో ఒక ముహాజిర్ ఒక అన్సారీని వెనుకనుంచి తన్నారు. ఆయన అన్సార్లారా అని, ఈయన ముహాజిర్లారా అని కేకలు వేసుకున్నారు. ముహాజిర్, అన్సార్ అన్నవి అల్లాహ్ స్వయంగా మెచ్చుకున్న పేర్లు. అయినా దైవప్రవక్త (స) ఇది అజ్ఞానకాలపు పిలుపు అని, వదిలిపెట్టండి, ఇది కంపు కొడుతోందని అన్నారు. పేరు మంచిదే. దాన్ని ఒక వర్గాన్ని మరో వర్గం మీదికి ఉసిగొల్పడానికి వాడారు కాబట్టి కంపు కొట్టింది. అలాంటప్పుడు పుట్టుకతోనే విమర్శగా వచ్చిన మాటను జెండాలా ఎత్తి మగాళ్ళంతా ఇంతే అంటే, అది ఎంత దూరం పోతుందో ఆలోచించండి.

ఇక పురుషుల చేతిలోని రెండు ఆయుధాల సంగతి చూద్దాం.

మొదటిది, స్త్రీల కుట్ర మహా గొప్పదని అల్లాహే అన్నాడని యూసుఫ్ సూరాను చూపించడం. ఆ సూరాను కాస్త నిదానంగా చదవండి. ఆ మాట 28వ ఆయతులో ఉంది. అది అల్లాహ్ తన తరఫున ఇచ్చిన తీర్పు కాదు. వెనుకనుంచి చినిగిన చొక్కాను చూసి, ఆ ఇంట్లోని స్త్రీతో ఆమె భర్త అన్న మాటను ఖుర్ఆన్ వినిపించింది. అదే కుట్ర అనే పదం అదే సూరాలో అంతకంటే ముందే, 5వ ఆయతులో వస్తుంది. నీ కల నీ అన్నలకు చెప్పకు, నీమీద కుట్ర పన్నుతారని యాఖూబ్ (అలై) తన కుమారుణ్ణి హెచ్చరించిన చోట. కుట్ర చేసి తమ్ముణ్ణి బావిలో వేసినవారు పురుషులు. మనం మాత్రం అన్నల కుట్రను మరచిపోయి, ఆడవారి కుట్రను సామెత చేసుకున్నాము!

రెండోది, ఆ చెల్లెలు చెప్పిన నాఖిసుల్ అఖ్ల్, అంటే తెలివి తక్కువది అన్న బిరుదు. హదీసు ఉన్నది నిజమే, సహీహ్ హదీసే. అది పండుగ రోజున, స్త్రీలను దానధర్మాల వైపు ప్రోత్సహిస్తూ దైవప్రవక్త (స) చేసిన ప్రసంగంలోనిది. ఆ లోటు ఏమిటని స్త్రీలు అడగగా ఆయనే (స) వివరించారు. ఒకటి సాక్ష్యం విషయం, రెండోది బహిష్టు రోజుల్లో నమాజు, ఉపవాసం లేకపోవడం. రెండోది అల్లాహ్ ఆదేశాన్ని పాటించడమే కదా, దానిలో నింద ఎక్కడిది? పైగా ఎంత దృఢమైన పురుషుని బుద్ధినైనా స్త్రీలు జయిస్తారని అదే హదీసులో ఉంది. వివరణను వదిలేసి, ప్రేమతో చేసిన ఉపదేశంలోనుంచి రెండు పదాలు పీకి, పప్పులో ఉప్పు ఎక్కువైనప్పుడల్లా ఇంటి ఇల్లాలి మీద విసరడం హదీసును అనుసరించడం అవుతుందా? హదీసుతో ఎగతాళి చేయడం అవుతుందా?

ఆ బిరుదు నిజంగా ప్రతి స్త్రీకి, ప్రతి విషయంలో వర్తించేదైతే, హిజ్రీ 6వ ఏట హుదైబియాలో ఏం జరిగిందో చెప్పండి. సంధి షరతులతో గుండె బరువెక్కిన సహాబాలు, ఖుర్బానీ చేసి లేవమని దైవప్రవక్త (స) మూడుసార్లు చెప్పినా కదలలేదు. ఆయన (స) గుడారంలోకి వెళ్ళి హజ్రత్ ఉమ్మె సలమా (రజి)తో ఆ బాధ చెప్పుకున్నారు. మీరు ఎవరితోనూ ఏమీ మాట్లాడకుండా వెళ్ళి మీ ఖుర్బానీ చేయండి, తల గీయించుకోండని ఆమె సలహా ఇచ్చారు. ఆయన (స) అలాగే చేశారు. అది చూసి అందరూ లేచారు. వహీ అందుకునే ప్రవక్త (స) భార్య సలహా విని ఆచరిస్తే, వాట్సాప్ అందుకునే మనకు సలహా వినడం నామోషీనా?

నమాజు చేసేవారి ముందునుంచి వెళితే నమాజును భంగపరిచేవాటిలో కుక్కను, గాడిదను, స్త్రీని కలిపి చెప్పగా హజ్రత్ ఆయిషా (రజి) విన్నారు. మమ్మల్ని కుక్కలతో, గాడిదలతో సమానం చేశారా అని అభ్యంతరం తెలిపి, తాను ఎదురుగా పడుకుని ఉండగా దైవప్రవక్త (స) నమాజు చేసేవారని సాక్ష్యమిచ్చారు. ఆ మస్అలాలో ఫిఖ్‌హ్ చర్చ వేరు. మనం గ్రహించవలసింది ఏమిటంటే, ఒక మాట స్త్రీని ఏ వరుసలో నిలబెడుతోందో అడిగే హక్కు ఆమెకుందని విశ్వాసుల మాతృమూర్తి చూపించారు. అలాంటి ఆయిషా (రజి) సహాబాలను సరిదిద్దిన సందర్భాలన్నిటినీ ఇమామ్ జర్కషీ (రహ్మలై) ఒక గ్రంథంగానే కూర్చారు. హదీసు ఉల్లేఖకులను జల్లెడ పట్టిన ఇమామ్ జహబీ (రహ్మలై), స్త్రీలలో అబద్ధపు నింద పడిన ఉల్లేఖకురాలు ఒక్కరూ తనకు తెలియదని తన మీజాన్ గ్రంథంలో రాశారు. పురుషుల్లో అలాంటివారి పేర్లతో సంపుటాలే నిండాయి.

తౌబాకు చోటు ఉందా?

ఇక తీర్పు చెప్పుకుందాం. మాకు అర్థమైనంతలో పేర్లు రెండు రకాలు. ఒకటి చేసిన పనికి పెట్టే పేరు. రెండోది పుట్టుకకు పెట్టే పేరు. పనికి పెట్టిన పేరులో తౌబాకు చోటు ఉంటుంది. అబద్ధం చెప్పావంటే, రేపటినుంచి నిజం చెప్పవచ్చు. పుట్టుకకు పెట్టిన పేరులో తౌబాకు చోటు లేదు. ఆడపిల్లవు, నీకేం తెలుసు అంటే ఆమె ఏం చేసి ఆ మాటనుంచి బయటపడాలి? ఎంత చదివినా ఆడపిల్లగానే ఉంటుంది కదా!

హజ్రత్ అబూజర్ (రజి) ఒక మనిషిని అతని తల్లి పేరెత్తి, జాతిని ఎత్తి దెప్పారు. ఆ మనిషి హజ్రత్ బిలాల్ (రజి) అని కొన్ని ఉల్లేఖనాల్లో ఉంది. దైవప్రవక్త (స) అబూజర్‌ను మందలించారు. నీలో ఇంకా అజ్ఞానకాలపు గుణం ఉందని అన్నారు. గమనించండి. నీ వంశమే అంత అనలేదు, అరబ్బులంతా ఇంతే అనలేదు. నీలో ఈ గుణం ఉంది అన్నారు. గుణం అయితే పోగొట్టుకోవచ్చు. మరి అబూజర్ (రజి) ఏం చేశారు? నన్ను జాహిలియ్యత్ మనిషి అంటారా అని ఆ మాట మీద వాదన పెట్టుకోలేదు. తర్వాత ఒకరోజు ఆయన ఒంటిమీద, ఆయన సేవకుని ఒంటిమీద ఒకేరకం వస్త్రం చూసి ఒకరు కారణం అడిగితే, తన ఆ తప్పును తానే చెప్పుకున్నారు. మాట తగిలింది, మనిషి మారాడు.

మరి మ్యాన్‌స్ప్లెయినింగ్ ఏ రకం? అది రెండింటి మధ్య నిలబడిన మాట. అందులో సగం పని, సగం పుట్టుక ఉన్నాయి. నువ్వు ఇప్పుడు చేసింది ఇదీ అని ఒక పనిని చూపించి అన్నప్పుడు అది పనికి పెట్టిన పేరు. నిజమైతే దానికి నొచ్చుకోవడం కాదు, దిద్దుకోవడం బాధ్యత. పురుషుడు నోరు తెరిస్తే చాలు అదే అన్నప్పుడు, మగాళ్ళంతా ఇంతే అన్నప్పుడు, అది పుట్టుకకు పెట్టిన పేరు. హుజురాత్ ఆయతు కిందికి వస్తుంది. మాట ఒకటే, వాడకం రెండు.

మరొక సంగతి. మన తప్పును ఎవరైనా చూపించగానే, నీ మాట తీరు సరిగా లేదు అని చర్చను తప్పునుంచి మాట మీదికి మళ్ళించడం నఫ్స్ ఆడే పాత ఆట. సత్యాన్ని తిరస్కరించడానికి అది మర్యాదస్తుల దారి. ముందు పనిని చూసుకోవాలి, పేరు సంగతి తర్వాత.

మేము వారితో ఏమన్నాము?

అన్నతో ఇలా అన్నాము: "బాబూ, మస్అలా అడగడం మంచిదే. కానీ తండ్రి ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు నీకు మొదట గుర్తురావలసింది చెల్లెలు పెట్టిన పేరు కాదు, నువ్వు ఆపిన సూది. ఆమె మాటలో పొరపాటు పావువంతు ఉంటే, నీ మాటలో ముప్పావువంతు ఉంది. ముందు నీది నువ్వు తీసుకో."

పరదా వెనుకనున్న చెల్లెలితో ఇలా అన్నాము: "అమ్మా, మీ అన్న చేసినదాన్ని పేరు పెట్టి చెప్పే హక్కు మీకుంది. నాఖిసుల్ అఖ్ల్ అన్నప్పుడు ఏ మస్అలా అడగని మేము, ఆలిములం, మీకు జవాబుదారులం. అయితే మగాళ్ళంతా అన్న మాటలో మంచం మీద ఉన్న మీ నాన్నగారు కూడా పడ్డారు. మిర్చి అమ్మిన డబ్బుతో మీ నర్సింగ్ ఫీజు కట్టింది ఆయనే కదా. ఆ ఒక్క మాట వెనక్కి తీసుకోండి. మిగతాది తీసుకోనక్కర్లేదు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మంచం మీదనుంచి ఆ పెద్దాయన కొడుకుతో, "సూది సంగతి ఇకనుంచి చెల్లెనే అడుగు" అన్నారు. కొడుకు తల ఊపాడు.

మేమూ దీనికి అతీతులం కాము. ఒక ఊళ్ళో స్త్రీల సమావేశంలో ఖుర్ఆన్ పారాయణ నియమాల మీద చాలాసేపు బోధించాము. ముందు వరుసలో ఒక వృద్ధురాలు తల వంచుకుని విన్నారు. తర్వాత తెలిసింది, ముప్పై ఏళ్ళుగా ఆ ఊరి పిల్లలకు ఖుర్ఆన్ నేర్పుతున్నది ఆమేనని. ఎవరైనా నేర్పేవారు ఉన్నారా అని ముందు ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది. అడగాలని తోచలేదు. ఎందుకు తోచలేదో మాకు తెలుసు, అల్లాహ్‌కు ఇంకా బాగా తెలుసు.

ఇంట్లో పాటించవలసినవి

ఒకటి: వివరించబోయే ముందు "నీకు ఈ సంగతి తెలుసా?" అని అడగండి. తెలుసంటే వినండి. తెలియని విషయం తెలిసినవారిని అడగమన్న ఖుర్ఆన్ ఆదేశంలో (16:43) తెలిసినవారు పురుషులే అయి ఉండాలన్న షరతు లేదు.

రెండు: ఆడ, మగ అన్న పదాన్ని తిట్టుగా వాడకండి. మీ అబ్బాయి ఏడిస్తే ఆడపిల్లలా ఏడవకు అనకండి. ఆ మాట పక్కనే ఉన్న మీ అమ్మాయి కూడా వింటోంది.

మూడు: తప్పును చెప్పవలసి వస్తే "నువ్వు ఇప్పుడు ఇలా చేశావు" అనండి. "మీరంతా ఇంతే" అనకండి. పురుషులకూ ఇదే, స్త్రీలకూ ఇదే.

నాలుగు: మీకు నచ్చని పేరుతో ఎవరైనా మీ తప్పును చూపిస్తే, ముందు తప్పును వెతకండి. అది నిజమైతే తౌబా చేసుకోండి. పేరు గురించి ఆ తర్వాత మెత్తగా చెప్పవచ్చు.

అల్లాహ్ మన హృదయాలను కిబ్ర్ నుంచి పరిశుభ్రం చేయుగాక! సత్యం చిన్నవారి నోట వచ్చినా, పెద్దవారి నోట వచ్చినా, స్త్రీ నోట వచ్చినా, పురుషుని నోట వచ్చినా స్వీకరించే వినయాన్ని ప్రసాదించుగాక! మన నాలుకలనుంచి మన ఇంటివారిని కాపాడుగాక! ఆమీన్.